ఏ పనీ చేయకూడని బావగారు

ఆ సోమవారం ప్రసాదరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ప్యాసింజరులో తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళాలి. ఆఫీసు తెరవగానే బావగారి కాగితం మీద ఒక ముద్ర వేయించుకోవాలి. పన్నెండింటికల్లా తిరుగు బండి ఎక్కి ఇంటికొచ్చి భోంచేయాలి. ఆ తర్వాత బావగారిని రైసుమిల్లులో పనికి చేర్చి, ఒక్క పూట సెలవుతో సరిపెట్టుకుని, తన సీటులో తాను కూర్చోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న మనిషి, ప్రభుత్వ కార్యాలయంలో పని పన్నెండింటికల్లా అయిపోతుందని ఎలా నమ్మాడో ఆ దేవుడికే తెలియాలి.

బావగారంటే హెన్రీ. ప్రసాదరావు తాతగారి చెల్లెలు పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి ఓడెక్కి రంగం వెళ్ళిపోయింది. బర్మాలోని రంగూన్‌ను ఇక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ రంగమనే అంటారు. ఆవిడ మనవడే హెన్రీ. బర్మాలోనే మౌల్మీన్‌లో రైసుమిల్లు ఫిట్టరుగా ఉండేవాడు. కిందటేడు, అంటే 2007లో, వీధిలో ఊరేగింపుగా వెళుతున్న బౌద్ధ సన్యాసులకు చెంబుతో మంచినీళ్ళిచ్చాడు. ఆ నేరానికి పోలీసులు వెతుక్కుంటూ వస్తే, భార్య మెర్సీనీ కూతురు బ్లెస్సీనీ వెంటబెట్టుకుని అడవులు దాటి ఈ దేశంలో పడ్డాడు. ఢిల్లీలో ఆయనకు శరణార్థి అని ఒక కాగితం ఇచ్చారు. చర్చివాళ్ళ ఉత్తరాలు చేతులు మారీ మారీ చివరికి ప్రసాదరావు ఇంటి గుమ్మం చూపించాయి.

భార్యా కూతురూ ఇంకా ఢిల్లీలోనే, మరో మూడు కుటుంబాలతో ఒకే గదిలో ఉన్నారు. వాళ్ళను రప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది. మిల్లు యజమాని వెంకట్రాజు ఫిట్టరు ఉద్యోగంతో పాటు మిల్లు వెనక రెండు గదుల ఇల్లు కూడా ఇస్తానన్నాడు. "కాగితాలు సరిగ్గా ఉండాలండి. నెలాఖరు దాకా చూస్తాను. ఆ పైన తణుకు నుంచి వేరే ఫిట్టర్ని తెచ్చుకోక తప్పదు," అని కూడా అన్నాడు. రోజూ పొద్దున్నే హెన్రీ క్యాలెండరు ముందు నిలబడి ప్రార్థన చేసుకునేవాడు.

ఏలూరులో విదేశీయుల సంగతులు చూసే ఆఫీసు గుమాస్తా హెన్రీ శరణార్థి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈయన ఇక్కడ ఉండొచ్చాండీ?" అని అడిగాడు ప్రసాదరావు.

"ఉండొచ్చండి. పంపించెయ్యమని మాకేం ఆర్డరు రాలేదు."

"మరి పని చేసుకోవచ్చాండీ?"

"చెయ్యనివ్వమని కూడా ఆర్డరు రాలేదు కదండీ."

"మరి తిండెలాగండీ?"

"అది మా సెక్షను కాదండి," అన్నాడు గుమాస్తా ఎంతో మర్యాదగా. మా వైపు కాదనడం కూడా అండీ పెట్టే అంటారు. విన్నవాడికి కోపం తెచ్చుకునే వీలు కూడా మిగలదు.

హెన్రీ చేతులు కట్టుకుని, నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాతకాలపు తెలుగులో అన్నాడు. "అయ్యా, నేను ఊరక కూర్చోలేనండి. పదమూడో ఏట నుంచీ మిల్లులోనే ఉన్నానండి."

"కూర్చోడమే మీకు సేఫండి," అన్నాడు గుమాస్తా.

పనికి అనుమతి కోరే అర్జీ హైదరాబాదు వెళ్ళి, అక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్ళి, జవాబు వెనక్కి రావాలి. అందాకా హెన్రీ ఏ పనీ చేయడని, చేస్తే పూర్తి బాధ్యత తనదేనని ప్రసాదరావు హామీపత్రం రాసిచ్చాడు. సంతకం పెట్టాక ఆయనకొక సందేహం వచ్చింది. "ఏ పనీ అంటే, ఇంట్లో పనులు కూడానాండీ?" అప్పటికే గుమాస్తా క్యారేజీ విప్పుతున్నాడు. "ఏ పనీ అంటే ఏ పనీ చెయ్యకూడదండి," అన్నాడు విసుగ్గా. ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. ప్రసాదరావు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు.

కష్టాలు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. ఇంటికి రాగానే హెన్రీ పెరట్లో కారుతున్న కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"బావగారూ, దాన్ని కారనివ్వండి!" అని వీధి గుమ్మం దగ్గర్నుంచే అరిచాడు ప్రసాదరావు.

"వాషరు అరిగిందండి, బావగారూ. రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలైనా పని పనేనండి!"

ప్రసాదరావు భార్య ఎలిజబెత్ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ బళ్ళో టీచరు. రోజంతా అరవైమంది పిల్లలతో వేగి వచ్చిన మనిషికి మొగుడి చట్టాలు వినే ఓపిక తక్కువ. "ఏవండీ, ఆ కుళాయి మూడు నెలల్నుంచీ కారుతోంది. మీరు చెయ్యరు. అన్నయ్యగారు చేస్తానంటే చెయ్యనివ్వరు. బకెట్లు మాత్రం నేను మార్చాలి!" అంది.

కుళాయి కారుతూనే ఉంది. మర్నాటి నుంచీ హెన్రీ తిన్న కంచం కడగకూడదు, పక్క చుట్టకూడదు, ఊడ్చకూడదు. వచ్చినవాడు బావగారు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు దీన్ని మర్యాద కింద జమకట్టారు. ప్రసాదరావుకు బంధుప్రీతి ఎక్కువని పేరు కూడా వచ్చింది. ఆ మర్యాదకు హెన్రీ మూడోనాటికి చిక్కిపోయాడు. అన్నం సయించడం లేదన్నాడు. ఏ పనీ చేయని ఒంటికి ఆకలెక్కడిదండీ అన్నాడు.

నాలుగోరోజు ప్రసాదరావు ఆఫీసులో ఉండగా పక్కింటి వెంకటనరసమ్మగారి పిండి గ్రైండరు ఆగిపోయింది. గోడ మీంచి ఆవిడ తిట్లు విని హెన్రీ ఆగలేకపోయాడు. పావుగంటలో గ్రైండరు తిరిగింది. డబ్బులిస్తే దణ్ణం పెట్టి వద్దన్నాడు. ఆదివారానికల్లా ప్రసాదరావు వరండాలో ఆరు మిక్సీలు, నాలుగు ఫ్యాన్లు, ఒక కుట్టుమిషను చేరాయి. ఎవరిని అడిగినా అందరిదీ ఒకటే మాట: "ఊరికే చూడమనండి చాలు!"

డబ్బులు వద్దన్నాడు కాబట్టి జనం ఇంకో రకంగా మొదలుపెట్టారు. ఎవరో అరటిగెల పంపారు. వెంకటనరసమ్మగారు ఆకివీడు నుంచి అల్లుడు తెచ్చిన కొల్లేటి కొరమేను బతికుండగానే బకెట్టులో పంపింది. ప్రసాదరావు ఆ బకెట్టు పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. "ఇది ప్రతిఫలం కిందకొస్తుందండీ, పిన్నిగారూ!" అన్నాడు. ఆవిడకు పౌరుషం వచ్చి, గంట తర్వాత ఆ చేపనే పులుసు పెట్టి పంపింది. పులుసును వెనక్కి ఇవ్వడానికి ప్రసాదరావు లేచాడు గానీ ఎలిజబెత్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఈ వరండా సంగతి ఊళ్ళో మోటార్లూ యంత్రాలూ బాగుచేసే బుచ్చిబాబుకు తెలిసింది. అతను నేరుగా ఇంటికే వచ్చాడు.

"పై దేశం వాళ్ళొచ్చి ఫ్రీగా రిపేర్లు చేసేస్తుంటే మా పొట్టలేం కావాలండీ?"

"పై దేశం మనిషి కాదయ్యా, మా బావగారు," అన్నాడు ప్రసాదరావు.

"అయితే మరీ అన్యాయమండి. పై దేశం మనిషైతే ఎవరో అనుకుని ఊరుకుందును."

గోడ అవతల నుంచి వెంకటనరసమ్మగారు అందుకుంది. "మీ తాత రంగంలో పన్నెండేళ్ళు మిల్లుపని చేసి రాలేదురా? నీ ఇంటి టేకు దూలాలు ఎక్కడివి? అక్కడివాళ్ళ పొట్టల గురించి ఎవరినైనా అడిగే వెళ్ళాడా?"

"ఆ రోజులు వేరండి, పిన్నిగారూ."

"దూలాలు అవేగా!"

బుచ్చిబాబు ముఖం ఎర్రబడింది. హెన్రీ మాత్రం అతని పక్షమే మాట్లాడాడు. "ఆయన చెప్పింది నిజమేనండి. డబ్బులు తీసుకుంటే చట్టానికి కోపం, తీసుకోకపోతే ఈయనకు నష్టం. ఊరక కూర్చుంటే నాకు పిచ్చి. నన్నేం చేయమంటారో ఎవరైనా చెప్పండి," అన్నాడు. మిక్సీలన్నీ ఎవరివి వాళ్ళకు పోయాయి.

నెలాఖరు ఇంకా వారం ఉందనగా వెంకట్రాజు మిల్లు ఆగింది. వడ్లను పైకి మోసే ఎలివేటరు షాఫ్టు పట్టేసింది. గేటు బయట ధాన్యం లారీలు వరసకట్టాయి. బుచ్చిబాబుకు కబురు పంపితే, "ఆ రంగం ఆయన్నే పిలుచుకోమనండి," అని జవాబొచ్చింది. అంతటితో ఆగక అతను ఏలూరుకు ఫోను కూడా చేశాడు. అది మాత్రం ఎవరికీ తెలియదు.

వెంకట్రాజు ఉదయం ఎనిమిదింటికల్లా ప్రసాదరావు ఇంటికొచ్చాడు. "ఇవాళ మిల్లు తిరిగితే ఆ ఇల్లు మీ బావగారిదేనండి. కాగితం ఎప్పుడొస్తే అప్పుడే చేరతారు, అందాకా ఇంకెవరికీ ఇవ్వను. తిరక్కపోతే సాయంత్రానికి తణుకు ఫిట్టరు దిగుతాడు."

హెన్రీ బావగారి ముఖంలోకి చూశాడు. ఒకవైపు మెర్సీ, బ్లెస్సీ, రెండు గదులు. ఇంకోవైపు తను పెట్టిన సంతకం. ప్రసాదరావు వరండాలో ఆరుసార్లు అటూ ఇటూ తిరిగి, గుమాస్తా బుర్రతో ఒక దారి కనిపెట్టాడు.

"బావగారూ, మీరు కుర్చీలో కూర్చుని నోటితో చెప్పండి. చేతులు నావి. మాట్లాడకూడదని నేనెక్కడా సంతకం పెట్టలేదు."

"మీకు స్పానరు పట్టడం తెలుసాండీ?" అని అడిగాడు హెన్రీ భయంగా.

"ఇరవై రెండేళ్ళు పెన్ను పట్టానండి. ఇదెంతా?"

ఆఫీసుకు జ్వరమని చీటీ పంపి ప్రసాదరావు మిల్లులోకి అడుగుపెట్టాడు. హెన్రీని మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎందుకైనా మంచిదని ఆయన రెండు చేతుల్లోనూ టీ గ్లాసు పెట్టించాడు. మూటలు మోసే కూలీలు పని లేక చుట్టూ చేరారు.

"ఎడమకి తిప్పండి, బావగారూ. అది కుడి. ఇంకో ఎడమకండి."

"ఇదాండీ?"

"అది నట్టు కాదండి, గోడ మేకు."

మొదటి గంటలో ప్రసాదరావు బొటనవేలు నలిగింది. రెండో గంటలో తెల్లచొక్కా నల్లబడింది. గ్రీజు డబ్బాలో కళ్ళజోడు పడింది. కుర్చీలో హెన్రీ పడిన బాధ అంతకంటే ఎక్కువ. తన పని ఇంకొకడి చేతుల్లో పాడవుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చి, ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం దాటాక ఎలాగో పాత బేరింగు ఊడి, కొత్తది కూర్చుంది. స్విచ్చి వేయగానే ఎలివేటరు గరగరమంటూ కదిలింది. కూలీలు ఈలలు వేశారు. తను చేత్తో ముట్టుకున్నది ఏదైనా కదలడం ప్రసాదరావు ఇరవై రెండేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడే గేట్లో జీపు ఆగింది. ఏలూరు నుంచి విచారణకు దుర్గాభవాని అనే అధికారిణి దిగింది. వెనకే బుచ్చిబాబు.

"హెన్రీ అనే ఆయన ఇక్కడ పని చేస్తున్నారని ఫిర్యాదండి. ఎవరండీ ఆయన?"

అందరూ కుర్చీ వైపు చూపించారు.

"మీరేం చేస్తున్నారండీ?" అని అడిగింది ఆవిడ.

"ఏమీ చేయడం లేదండి. అదేనండి నా బాధ," అన్నాడు హెన్రీ గ్లాసు పట్టుకునే లేచి నిలబడి.

ఇక్కడ ప్రసాదరావు నోరు మూసుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ విజయం తలకెక్కిన మనిషి, పైగా సంతకం పెట్టిన మనిషి. స్పానరు పైకెత్తి ముందుకొచ్చాడు. "నేనండీ ఆయనకి హామీదారుని. ప్రసాదరావు, సీనియర్ అసిస్టెంటు. ఆయన ఒక్క స్క్రూ ముట్టుకోలేదండి. పని మొత్తం నేనే చేశాను!"

"మొత్తం మీరేనాండీ?"

"పొద్దున్న తొమ్మిదింటి నుంచీ నేనేనండి. వీళ్ళంతా సాక్షులు!"

ఆవిడ ఒక్క అక్షరం పోనివ్వకుండా రాసుకుంది. తర్వాత తలెత్తి, "ఇవాళ మీకు ఆఫీసు లేదాండీ?" అని మెల్లగా అడిగింది.

పైకెత్తిన స్పానరు మెల్లగా కిందికి దిగింది.

"జ్వరమండి," అన్నాడు ప్రసాదరావు, నుదుటి మీద గ్రీజు తుడుచుకుంటూ.

పది రోజుల తర్వాత ఇంటికి రెండు కవర్లు ఒకేసారి వచ్చాయి. మొదటిది హెన్రీకి. పని చేయరాదన్న షరతును తు.చ. తప్పకుండా పాటించినందుకు ఆయన మరో సంవత్సరం ఉండవచ్చు. షరతు మాత్రం యథాతథం. పని చేయడానికి అనుమతి కోరిన అర్జీ తిరస్కరించడమైనది. రెండోది ప్రసాదరావుకు. జ్వరం సెలవులో ప్రైవేటు మిల్లులో పని చేస్తూ దొరికినందుకు సస్పెన్షను. విచారణ తేలేదాకా సగం జీతం ఇస్తారు. అయితే ఎక్కడా ఏ పనీ చేయడం లేదని నెలనెలా స్వయంగా రాసి సంతకం పెట్టివ్వాలి.

ఆ రెండు సర్కారు కాగితాలు చూశాక వెంకట్రాజు వెనక్కి తగ్గాడు. మిల్లు వెనక ఇంట్లో తణుకు ఫిట్టరు దిగాడు. ఆ రాత్రి హెన్రీ మెర్సీకి ఉత్తరం మొదలుపెట్టి రెండు వరుసల దగ్గరే ఆగిపోయాడు. ఎలిజబెత్ ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని, బ్లెస్సీని తీసుకుని ముందు ఇక్కడికి వచ్చేయమనీ, ఉన్నదాంట్లోనే సర్దుకుందామనీ తానే మిగతాది రాసింది. మర్నాడు బడికి బయలుదేరుతూ వరండా వైపు ఒకసారి చూసి, "నాలుగు చేతులండీ, రెండు సంతకాలు పెట్టించి మరీ ఖాళీగా కూర్చోబెట్టారు!" అని విసవిసా వెళ్ళిపోయింది.

ప్రసాదరావు పేపరు మొత్తం చదివాడు. టెండరు ప్రకటనలు కూడా చదివాడు. గడియారం చూస్తే తొమ్మిదిన్నర అయింది. లేచాడు, కూర్చున్నాడు, గోళ్ళు చూసుకున్నాడు. బావగారిని ఇన్నాళ్ళూ తనేం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఎండ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళుతున్నా సాయంత్రం మాత్రం కాలేదు.

"ఇదెలా భరిస్తున్నారండీ, బావగారూ?" అని అడిగాడు చివరికి.

హెన్రీ పేపరు తీసి, మొదటి పేజీ పైకి వచ్చేలా మడిచి మళ్ళీ చేతికిచ్చాడు. "మొదటి సంవత్సరమే కష్టమండి."