గంగులమ్మ ఒడ్డూ పొడుగూ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఎవరికి పెద్ద అని అడక్కండి, ఆ గొడవే ఇప్పుడు చెప్పబోతున్నాను, జూలురాజు అనే సింహం ఏలుతుండేవాడు.

ఆ అడవి నడిమధ్యనుంచి ఒక వాగు పారేది. ఇవతలి గట్టున కాపురాలు, అవతలి గట్టున మేత. రోజూ పొద్దున్నే పిల్లల్ని వాగు దాటించే పని అడవిగేదె గంగులమ్మది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మనిషని అలవాటుకొద్దీ అన్నాను లెండి. ఆవిడ వాగులో దిగి నిలబడితే నీళ్ళే అటూ ఇటూ సర్దుకుని పోయేవి. కుందేలు పిల్లలు వీపు మీదెక్కి, "పోనీ గంగులత్తా!" అని గోల చేస్తుంటే, "కదలకండర్రా, కొమ్ములు పట్టుకోండి" అని కసురుతూ దాటించేది. ఎంత వానాకాలమైనా ఒక్క పిల్ల జారిపడింది లేదు.

రాజుగారి కోటు గుండీ ఊడకపోతే అంతా బాగానే ఉండేది.

పట్టాభిషేకం వార్షికోత్సవం నాడు జూలురాజు "నా ప్రజలారా!" అని చేతులు చాచాడో లేదో, కోటు గుండీ టప్పున ఊడి, ముందు వరసలో కూచున్న ముళ్ళపంది ముక్కుకి తగిలింది. సభలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత అవస్థ పడ్డారో వాళ్ళకే తెలుసు.

సభ అవగానే రాజుగారు మంత్రి నక్క జిత్తయ్యని పిలిపించాడు.

"మంత్రీ, నేను లావయ్యానా?"

"శివశివా! ఎంత మాట ప్రభూ! దర్జీ వెధవ కొలత తప్పాడు."

దర్జీ గిజిగాడికి కబురెళ్ళింది. వాడికి గూడు అల్లడమే కాదు, బతకడం కూడా వచ్చు. డేరా అంత కోటు కుట్టి, మెడ వెనకాల 'చిన్న సైజు' అని ముక్క అతికించి పట్టుకొచ్చాడు. రాజుగారు కోటు తొడుక్కుని, ఆ ముక్క చదువుకుని మురిసిపోయాడు.

"చూశావా మంత్రీ, నాకు చిన్న సైజే వదులుగా ఉంది. నేనే చిన్న సైజయితే, ఈ అడవిలో మిగతావాళ్ళంతా ఎంత లావున్నట్టు!"

అప్పట్నుంచి ఆయనకి ప్రజల ఆరోగ్యం గురించి ఒకటే దిగులు. ఇక పథకం రాక తప్పుతుందా?

సరిగ్గా అప్పుడే దిగాడు డాక్టర్ శ్వేతగిరి. ఈయన కొంగ. ఏటా చలి మొదలవకముందే విదేశాల నుంచి వచ్చి, మన వాగులో చేపలు తిని, మనకి సలహాలిచ్చి పోతుంటాడు. ఫారిన్ కొంగ కదా, ఆయన దగ్గినా మనవాళ్ళు చెవులొగ్గి వింటారు.

"ప్రతి జీవినీ తూచాలి. ఆ బరువుని ఎత్తుతో భాగించాలి. వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతో భాగించాలి. ఇది బీఎంఐ. ఇదిగో గీత. ఎవరి అంకె ఈ గీత దాటితే వాళ్ళు జబ్బుమనుషులు," అన్నాడు డాక్టరు.

"రెండోసారి భాగించడం ఎందుకండీ?" అంది కుందేలు పైడమ్మ. రోజూ వాగు దాటే పిల్లలు ఈవిడ పిల్లలే.

"ఒకసారి భాగిస్తే లెక్కమ్మా. రెండుసార్లు భాగిస్తే సైన్సు."

బీఎంఐ అంటే ఏమిటని వెనకాల ఎవరో గొణిగితే, ముళ్ళపంది "బతుకు మీద ఇన్‌స్పెక్షన్" అంది.

తూకాలు మొదలయ్యాయి. ఆ వేడుక మీరు చూడాల్సింది! తాబేలు డిప్పతో సహా కాటా ఎక్కిందని, డిప్ప విప్పేసి రమ్మన్నారు. కొండచిలువకి పొడుగే తప్ప ఎత్తెక్కడిది? బెత్తెడు ఎత్తుకి ఇంత బరువా అని తిండి మానిపించేశారు. నిండు చూలాలు దుప్పిని "ఒక్కసారిగా ఇలా పెరిగిపోయావేం?" అని మందలించారు. రాజుగారి వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయన్ని వెనక కాళ్ళ మీద నిలబెట్టి, జూలు పైకి దువ్వి, జూలు కొసదాకా ఎత్తు కొలిచారు. అంకె భేషుగ్గా వచ్చింది. డాక్టరుగారిని ఎవరూ తూచలేదు. కొలిచేవాణ్ణి కొలవడం మర్యాద కాదు కదా.

గంగులమ్మ ఎక్కగానే కాటా కిర్రుమంది. అంకె గీత దాటి ఎక్కడికో పోయింది.

"నువ్వు చాలా జబ్బుమనిషివమ్మా," అన్నాడు డాక్టరు.

"నాకు జబ్బేమిటి బాబూ? బుద్ధెరిగాక ఒక్కనాడు ముక్కు చీదింది లేదు. మా అమ్మా ఇంతే, మా అమ్మమ్మా ఇంతే. మా ఎముకే అంత."

"ఈ లెక్కలో ఎముకకి చోటు లేదమ్మా."

జిత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "చూడు గంగులమ్మా, గిజిగాడు కుట్టిన సర్కారు యూనిఫారం పెద్ద సైజు కూడా నీకు భుజాల దగ్గరే ఆగిపోయింది. గీత కిందికి దిగు, మళ్ళీ పనిలోకి రా. అందాకా దాటింపు బంద్."

"అందాకా పిల్లలు ఏం తింటారయ్యా?"

"ఏముంది, వాళ్ళ అంకె కూడా బాగుపడుతుంది," అన్నాడు జిత్తయ్య.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ పిల్లలు అలవాటుకొద్దీ గట్టుకొచ్చి, అవతలి పచ్చికకేసి చూస్తూ కూచున్నారు. గంగులమ్మ వెళ్ళి వాళ్ళ పక్కనే కూచుంది. "మీకోసమైనా చిక్కుతానర్రా," అంది.

చిక్కింది. డాక్టరు చెప్పినట్టు ఒక పూట గరిక, ఒక పూట గాలి. పైగా గట్టెంబడి పరుగు. కండ కరిగింది, డొక్కలు బయటపడ్డాయి, కళ్ళు లోపలికి పోయాయి, నాలుగడుగులేస్తే ఆయాసం. దారిలో కనపడ్డవాళ్ళల్లా "అబ్బ, ఎంత నాజూగ్గా తయారయ్యావు వదినా! ఏం చేస్తున్నావేమిటి?" అని అడిగేవాళ్ళు. "ఆకలితో చస్తున్నానమ్మా" అంటే నమ్మేవాళ్ళు కాదు. ఏదో కిటుకు దాస్తోందని మూతి తిప్పుకుని పోయేవాళ్ళు.

కార్తీకంలో తుపాను వానలు పట్టుకున్నాయి. ఆ వానల్లోనే గంగులమ్మ అంకె గీత కిందికి దిగింది. ఇంకేముంది, డప్పులు మోగాయి. గిజిగాడు 'మధ్య సైజు' యూనిఫారం తొడిగాడు. రాజుగారు స్వయంగా దండ వేశాడు. "ఆరోగ్యమంటే ఏమిటో ఈవిణ్ణి చూసి నేర్చుకోండి," అని డాక్టరు ఉపన్యాసం దంచాడు.

"వాగు పొంగుతోందండీ," అంది పైడమ్మ, పిల్లల్ని పొట్టకి అదుముకుని.

"ఇంత ఆరోగ్యవంతురాలు దాటిస్తుంటే భయమేమిటి? రాజుగారు చూస్తున్నారు, ఎక్కించు ఎక్కించు," అన్నాడు జిత్తయ్య.

గంగులమ్మ తల తిప్పి, "పైడమ్మా, నా కాళ్ళలో సత్తువ లేదే. వాన తగ్గాక చూద్దాం," అంది. డప్పుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. భటులు పిల్లల్ని పైడమ్మ చేతుల్లోంచి లాక్కుని ఆవిడ వీపు మీద కూలేశారు.

సగం వాగు దాకా ఎలాగో వెళ్ళింది. ఎప్పుడూ ఆవిణ్ణి తప్పుకుని పోయే నీళ్ళు ఈసారి ఆవిణ్ణే తోసుకుంటూ పోయాయి. కాలు నిలవలేదు. పిల్లలు "అత్తా! అత్తా!" అని అరుస్తున్నారు, గట్టు మీద పైడమ్మ గుండెలు బాదుకుంటోంది, డప్పులవాళ్ళు ఆపడం మరిచిపోయి వాయిస్తూనే ఉన్నారు. తుపానుకి కూలి వాగుకి అడ్డంగా పడున్న మద్దిమానుకి ఆవిడ కొమ్ములు చిక్కుకున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి నాకు నోరు రాదు. పిల్లలు కొమ్ముల మీంచి మాను మీదికి, మాను మీంచి గట్టు మీదికి పాకి వచ్చారు. గంగులమ్మని నలుగురూ కలిసి పైకి లాగారు. చిక్కింది కాబట్టే ఇంత తేలిగ్గా లాగగలిగామని డాక్టరుగారు ఆ హడావుడిలోనే చెప్పుకున్నాడు.

"నీ పిల్లల్ని చంపేసేదాన్నే పైడమ్మా!" అని గంగులమ్మ భోరుమంది.

పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎన్నడూ ఎవర్నీ ఎదిరించని కుందేలు, జిత్తయ్య మొహమ్మీదే అడిగేసింది. "మా వదిన్ని చిక్కించారు, బాగానే ఉంది. మరి ఈ వాగుని ఎవరు చిక్కిస్తారయ్యా?"

జిత్తయ్య వాగుకేసి చూశాడు. అంతలోనే కళ్ళు మెరిశాయి.

"భేష్! ఇన్నాళ్ళకి పనికొచ్చే మాటన్నావమ్మా!"

వెంటనే విచారణ సంఘం వేశారు. డాక్టరుగారు గట్టున ఒంటికాలి మీద నిలబడి వాగుని కొలిచాడు. "బరువు చూస్తే బోలెడు, ఎత్తు చూస్తే లేనే లేదు. ఇంత ఊబకాయం నేను విదేశాల్లో కూడా చూడలేదు," అన్నాడు. తప్పంతా వాగుదేనని తేలింది. తక్షణం చిక్కి గీత కిందికి రావాలని వాగుకి నోటీసిచ్చారు.

గంగులమ్మ యూనిఫారం విప్పి అవతల పారేసి, పచ్చిక మీద పడి మేసింది. ఏడుస్తూ మేసింది, ఏడుపు ఆగాక కూడా మేసింది. నెమ్మదిగా ఎప్పటి ఒళ్ళు వచ్చింది. గీత దాటినందుకు మళ్ళీ పనిలోంచి తీసేశారు. అయినా రోజూ పొద్దున్నే పిల్లల్ని దాటిస్తూనే ఉంది. సర్కారు లెక్క ప్రకారం మాత్రం ఆ వాగు ఎవరూ దాటడం లేదు.

శివరాత్రి వెళ్ళగానే డాక్టరుగారు విదేశం ఎగిరిపోయాడు. ఎండలు ముదిరాయి. వాగు రోజురోజుకీ సన్నబడి, చివరికి గులకరాళ్ళ మధ్య దారప్పోగంత మిగిలింది. వాగు కూడా గీత కిందికి దిగిందని ప్రకటించి జూలురాజు విజయోత్సవం చేయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పైడమ్మ చిన్నపిల్లకి నాలుక పిడచకట్టుకుపోయి, "అమ్మా, నీళ్ళు," అంది. పక్కనున్న భటుడు చటుక్కున ఆ పిల్ల నోరు మూశాడు.

నీతి: అంకె సరిగ్గా ఉన్నప్పుడు దాహం వేస్తోందనడం రాజద్రోహం.