పెద్దల పేర్లకు పెట్టెలు

శనివారం పొద్దున ఎందాలె పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇద్దిర్ సంఘం పాత సభ్యుల ఫైలూ కొత్త సభ్యుల ఫైలూ కలిపి ఒకే ఫైలు చేయాలి. సబ్‌సిటీ ఆఫీసు, అంటే పేట పురపాలక కార్యాలయం, కోరినట్టు దాన్ని శాశ్వతంగా భద్రపరిచే రకంలోకి మార్చాలి. సభ్యులు సరిచూసుకోవడానికి జాబితా అచ్చుతీసి సంఘం గేటుకు అంటించాలి. ఇంట్లో కాఫీ మూడో విడత, అంటే ఆఖరిది, దిగేలోపు వెళ్లి కూర్చోవాలి. ఇంతే.

జిగ్బా వీధి ఇద్దిర్ అంటే ఎవరింట చావు జరిగినా డేరా వేసి, బెంచీలు పరిచి, వచ్చినవాళ్లకు వండిపెట్టే సంఘం. ఆ డేరా, బెంచీలు, గంగాళాలు ఉండేది గేటు వెనక ఖాళీ స్థలంలో. ఆ స్థలం మీద ఆఫీసు కన్ను పడింది. ఫైలు సక్రమంగా ఇవ్వకపోతే సంఘం ఉత్తి పేరుకే ఉందని తేల్చేసి స్థలాన్ని కార్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు. అక్కడ ఈ పని చూసే త్సెదాలె ఇప్పటికే రెండుసార్లు ఫైలు తిప్పి పంపింది. సోమవారంతో గడువు సరి. స్థలం పోతే వీధి వీధంతా తిట్టిపోసేది కార్యదర్శి ఎందాలెనే.

ఫైలు మారుతున్నప్పుడు తెరమీద ఏదో హెచ్చరిక వచ్చింది. హెచ్చరికలు చదివే అలవాటు ఎందాలెకు లేదు. సరే అని నొక్కాడు. ఇంటి కంప్యూటరులో పేర్లన్నీ ముత్యాల్లా కనిపించాయి. వీధి చివరి కొట్టులో అచ్చుతీయించి, కళ్లజోడు లేకుండానే గేటుకు అంటించి, కాఫీకి వెళ్లిపోయాడు.

మొదట చూసింది, పెద్దావిడ కాబట్టి వీధంతా ఎత్యే అని పిలిచే అస్నకెచ్. నూట పద్దెనిమిదో ఇల్లు తనదే. అంకె సరిగానే ఉంది. పేరు ఉండాల్సిన చోట మాత్రం నిలువుగా, సన్నగా, వరుసగా ఐదు పెట్టెలు. పైకీ కిందికీ చూసింది. కుర్రవాళ్లకు పేర్లున్నాయి. ముసలివాళ్లకు ఒక్కరూ మిగలకుండా అందరికీ పెట్టెలే.

"గాషే షిఫెరావ్! ఇటు రండి. మనకి పెట్టెలు చేయించేశారు!"

పెద్దాయనని అందరూ గాషే అని పిలిచే సంఘం అధ్యక్షుడు షిఫెరావ్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "ఏం పెట్టెలు?"

"ఇద్దిర్‌లో ఉండేది ఏం పెట్టెలు గాషే? శవప్పెట్టెలే. మీక్కూడా ఉన్నాయి, చూసుకోండి."

ఆయన కాగితానికి ముక్కు ఆనించి చూశాడు. "నీకు ఐదా? నాకు నాలుగేనా? అధ్యక్షుణ్ణి నేను!"

"నాది భారీ ఒళ్లు గాషే. పట్టొద్దూ?"

అంతలో బాకా బిర్రు వచ్చాడు. వీధిలో ఎవరు పోయినా బాకా ఊది చాటడం అతని పని. చావుకబురు అంటించే గేటు మీద ఇన్ని పెట్టెలు చూసి బాకా చేతికి తీసుకున్నాడు. పేర్లు చదవలేకపోయాడు, ఇంటి నంబర్లు చదవగలిగాడు. పక్కనే నిలబడి కేకలేస్తున్నవాళ్ల ముఖం కూడా చూడకుండా సందుల వెంట పరుగెత్తాడు.

"నూట పద్దెనిమిదో ఇల్లు! పెద్ద దిక్కు పోయింది! నూట ఇరవయ్యో ఇల్లు! పెద్ద దిక్కు పోయింది!"

బిర్రు బాకా ఊదాక ఎందుకు, ఎవరు అని అడగడం జిగ్బా వీధిలో మర్యాద కాదు. కుర్రవాళ్లు డేరా మోసుకొచ్చారు. ఆడవాళ్లు గోధుమలూ శనగలూ పొయ్యిమీద పడేశారు. అస్నకెచ్‌తో ఏడాదిగా మాటల్లేని పొరుగావిడే అందరికంటే ముందు గుండెలు బాదుకుంది.

అధ్యక్షుడి ఇంటి నంబరు చెవిన పడగానే ఎందాలె కప్పు వదిలేసి పరుగెత్తాడు. "అయ్యో గాషే!" అంటూ వచ్చేసరికి గాషే డేరా గుంజ పట్టుకుని, "వంకరగా పాతుతారేంట్రా, నా చావుకైనా సరిగ్గా వెయ్యండి!" అని కుర్రవాళ్లను తిడుతున్నాడు.

ఎందాలెకు విషయం బోధపడింది. పెద్దల పేర్లు పాత అక్షరాలతో, అంటే పాత ఫాంటుతో, కొట్టినవి. ఆ అక్షరాలు తన కంప్యూటరుకు తెలుసు, కొట్టులోదానికి తెలియదు. వెంటనే పాత అక్షరాలు తీసుకెళ్లి కొట్టులో ఎక్కించి, జాబితా మొత్తానికీ అవే పెట్టి, మళ్లీ అచ్చుతీసి అంటించాడు.

పెద్దల పేర్లు తిరిగొచ్చాయి. కుర్రవాళ్లందరికీ పెట్టెలు పడ్డాయి.

"ఆఁ, ఇప్పుడు బావుంది," అన్నాడు షిఫెరావ్.

"ఏం బావుంది గాషే? నాకింకా పెళ్లే కాలేదు!" అన్నాడు డేరా తాడు లాగుతున్న కుర్రాడు. బిర్రు మళ్లీ బాకా ఎత్తాడు. ఎందాలె ఎగిరి దాన్ని లాక్కున్నాడు.

అప్పుడే కబురు అందిన ఆఫీసు త్సెదాలె, చావింటికి వెళ్లేవాళ్లలా నెతెలా పైగుడ్డ అంచు మెడకు చుట్టుకుని, బావురుమంటూ వచ్చింది. అస్నకెచ్ ఆమె కన్నతల్లి. ఆ తల్లి ముందు బెంచీలో కూర్చుని ఉడికిన శనగలు నములుతోంది.

"అమ్మా! బతికే ఉన్నావా?"

"ఉన్నానే. మీ ఆఫీసు ఫైలే నన్ను ఐదు పెట్టెల్లో సర్దింది."

త్సెదాలె కళ్లు తుడుచుకుని గేటు వైపు చూసింది, తరువాత ఎందాలె వైపు చూసింది. "హెచ్చరిక వస్తే సరే నొక్కేశావు కదూ?"

"నొక్కానమ్మా."

"ఒక్కో ఫైల్లో వాడిన అక్షరాల్ని ఆ ఫైల్లోనే ఇమడ్చాలి. విడివిడిగా సరిచేసి అప్పుడు కలపాలి. కలిపేశాక అందరికీ ఒకే అక్షరాలు పెడితే ఒకళ్లు బతికి ఇంకొకళ్లు పోతారు."

"కళ్లారా చూశాం," అన్నాడు షిఫెరావ్.

ఎందాలె డేరా గుంజ పట్టుకున్నాడు. తన తండ్రి పోయిన రోజు వీధంతా ఈ డేరా కిందే తనను పట్టుకుని కూర్చుంది. "అయితే స్థలం పోయినట్టేనా అమ్మా?"

త్సెదాలె చుట్టూ కలయజూసింది. నిండిన బెంచీలూ, పొగలు కక్కే గంగాళాలూ, తన తల్లి కోసం ఇంకా వెక్కుతున్న పొరుగావిడా, అంతా కళ్లబడింది. "ఈ సంఘం పేరుకే ఉందని నా రిపోర్టులో రాశాను. సోమవారం వచ్చి చూసి సంతకం పెట్టాలి. చూడటం ఇవాళే అయిపోయింది. ఆ రిపోర్టు చించేస్తాను, స్థలం మీకే ఉంటుంది. ఫైలు మాత్రం సోమవారానికి సరిగ్గా రావాలి."

"కన్నతల్లి కోసం ఫైలు కూడా చూసీచూడనట్టు పోవచ్చుగా?" అంది అస్నకెచ్.

"అది శాశ్వతంగా ఉండే ఫైలమ్మా. వదిలేస్తే ఎప్పటికీ పెట్టెల్లోనే ఉంటావు."

సాయంత్రానికి ఎందాలె డేరా కిందే కూర్చుని, ప్రతి హెచ్చరికా పైకి చదువుతూ, ఫైలు సరిచేశాడు. ముసలీ ముతకా, కుర్రకారూ, అందరూ అక్షరాలా కనిపించారు. వండినది వృథా కాకూడదని ఏడ్చినవాళ్లంతా కూర్చుని తిన్నారు. అంత ఊదినా ఒక్కరూ పోలేదని బిర్రు మాత్రం కాస్త చిన్నబోయాడు.