గోడ ఎక్కలేని బల్లి

ఆ శనివారం మెర్విన్ వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగుతూ కూతురు టెస్ తయారుచేసిన వీడియో గేమ్ ఓ అరగంట ఆడాలి, బాగుందని ఫోన్ చేసి చెప్పాలి, ఆ తర్వాత సెమఫోర్ బీచ్‌కి ఈతకు వెళ్లాలి. మంగళవారం ఆ గేమ్ అమ్మకానికి వస్తుంది. "ఎక్కడైనా ఇబ్బందయితే చెప్పు నాన్నా. దారి మాత్రం అడక్కు, వెతుక్కోవడమే ఆట" అని టెస్ ముందే చెప్పింది.

మెర్విన్ అడిలైడ్‌లో జీవితమంతా ట్రామ్ నడిపి, ఈమధ్యే రిటైరయ్యాడు. పట్టాలు ఎటు తీసుకెళితే అటు వెళ్లిన మనిషికి దారి వెతుక్కోవడం కొత్త. గేమ్‌లో ఒక బల్లి, దాని చుట్టూ నేల కింద చిక్కుదారుల లోకం. పాపం, ఆ బల్లికి మొదట్లో గోడ ఎక్కడం కూడా రాదు. ఎక్కడో దాచిన జిగురు పాదాలు దొరికితే, అంతకుముందు అడ్డుపడిన గోడలే దారులవుతాయి.

కాఫీ పూర్తయ్యేలోపే బల్లి ఒక గోతిలో పడింది. మధ్యాహ్నమైనా అందులోనే ఉంది. చెబితే నాన్న ఇంత మొద్దా అనుకుంటుందని కూతురికి చెప్పలేదు. పాత ట్రామ్ స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"గోతిలో పడ్డాన్రా. ఎటు చూసినా గోడే. చచ్చినా మళ్లీ అక్కడే తేలుతున్నాను. టెస్‌కి మాత్రం తెలియనివ్వకు."

పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న భార్య నోలీన్ చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. రిటైరైన మగవాళ్లు లోలోపల కుంగిపోతారని ఆమె రేడియోలో విన్నది. నేరుగా అడిగితే ఇంకా ముడుచుకుపోతాడేమోనని భయపడి, పక్కింటి థెక్లాకు చెప్పుకుంది. కాసేపటికే థెక్లా వంకాయలు, కీమా పొరలుగా పేర్చి వండిన వేడి ట్రేతో వచ్చి మెర్విన్ పక్కన కూర్చుంది.

"అందరికీ జరిగేదే మెర్వ్. సిగ్గుపడకు. మా ఆయన ఆర్నెల్లు ఉన్నాడు అందులో."

థెక్లా మొగుడు కూడా గేమ్‌లు ఆడతాడని మెర్విన్‌కి తెలియదు. "ఈ గోతిలోనేనా?"

"ఇంతకంటే లోతు."

"మరెలా బయటపడ్డాడు?"

"మాత్రలతో."

మెర్విన్‌కి ఇంతవరకూ మాత్రలేవీ కనిపించలేదు. "అవెక్కడ దొరుకుతాయి?"

"మందుల షాపులో."

"షాపు దాకా నేను వెళ్లనే లేదు" అన్నాడు మెర్విన్ దిగులుగా. థెక్లా కళ్లు తుడుచుకుంది.

సాయంత్రానికి థెక్లా ద్వారా విని చర్చి ఫాదరూ, ఈత స్నేహితులూ కేకులు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరూ భుజం తట్టి, మేమున్నామన్నారు. ఒక గేమ్‌లో ఇరుక్కున్నందుకు ఊరు ఇంత దయ చూపిస్తుందని మెర్విన్ ఎన్నడూ ఎరగడు.

చివరికి నోలీన్ ఉండబట్టలేక టెస్‌కి ఫోన్ చేసింది. టెస్ పరుగున వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాన్నా, ఏ గొయ్యి? ఏమైంది నీకు?"

మెర్విన్ తలొంచుకుని టీవీ వైపు చూపించాడు. అక్కడ బల్లి గోడకేసి ఎగిరి, జారి పడింది. నోలీన్ దాన్ని చూసి, మొగుణ్ని చూసి, మెల్లగా కుర్చీలో కూలబడింది.

టెస్ గేమ్ రిమోట్ అందుకుని తనే ఆడింది. ఎంత ఎగిరినా బల్లి పైకి రాలేదు.

"జిగురు పాదాలు ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు మెర్విన్.

"పైన."

"పైకి ఎలా వెళ్లాలి?"

టెస్ రిమోట్ కింద పెట్టేసింది. "పాదాలతో."

గదిలో అందరూ కేకు తినడం ఆపేశారు.

"తప్పు నాది నాన్నా. దీనికి దారే లేదు. కొన్నవాళ్లంతా ఇందులోనే పడుండేవాళ్లు. పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు కట్టిన లోకం కదా. తప్పు నాదే అనుకున్నాను."

టెస్ ఆయన భుజం మీద తల పెట్టుకుంది. నోలీన్ లేచి వచ్చి ఇంకో పక్కన కూర్చుంది.

"నిజంగా బాగానే ఉన్నావా మెర్వ్?"

"ఆకలేస్తోంది. అంతే."

టెస్ అక్కడికక్కడే గోతిలో ఒక మెట్టు పెట్టింది. మర్నాడు మెర్విన్ ఆ మెట్టెక్కి పైకి వచ్చి, నాలుగడుగులు నడిచి, ఇంకో గోతిలో పడ్డాడు. దానికి మాత్రం మొదటినుంచీ మెట్లున్నాయి.