ఎనిమిదో నంబరు కాగితం

శనివారం పొద్దున ఓరిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో తన చేత్తో నింపిన తూటాలను ఆరువందల గజాల మైదానంలో కాల్చి చూడాలి, అవి కాగితం మీద ఒకే చోట గుత్తిగా పడితే మామగారి మెప్పు పొందాలి. మోంటానా కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకు వేసే గుడారంలో కొత్త అల్లుడికి చోటుందో లేదో మామ ఎల్డన్ ఈరోజే తేలుస్తానన్నాడు. చోటు లేకపోతే ఓరిన్ ఇంట్లో కూర్చుని, అత్తగారి హకిల్‌బెర్రీ పళ్ల జామ్ సీసాలకు మూతలు బిగించాలి.

పెళ్లయి నెల తిరగని అతని భార్య మార్లిస్‌కు ఆ తూటాలంటే ముద్దు. తుపాకీమందు తూచే తక్కెడ వంటింటి బల్ల మీద ఉన్నంతసేపూ ఫ్యాన్ తిరగకూడదు, కెటిల్ పొంగకూడదు, పెళ్లాం గట్టిగా ఊపిరి పీల్చకూడదు. నిన్న ఆమె తుమ్మింది. ఓరిన్ ఒక్క మాట అనకుండా తూచిందంతా డబ్బాలో పోసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఓపిక చూసి ఆమెకు ఇంకోసారి అతన్నే పెళ్లి చేసుకోవాలనిపించింది.

మైదానంలో ఓరిన్‌ది ఏడో బల్ల, మామది ఎనిమిదోది; ఒక్కో బల్లకు ఎదురుగా, దూరాన, అదే నంబరు పలక కింద ఒక గురి కాగితం. ఓరిన్ రైఫిల్ మీది దుర్భిణిని ఎంత పెద్దగా చూపిస్తే అంతదాకా తిప్పి కాల్చాడు. పక్కనే ఇంకో దుర్భిణిలోంచి ఏడో నంబరు గురి కాగితాన్ని చూస్తున్న మార్లిస్ ఏమీ పడలేదని మెల్లగా చెప్పింది. మళ్లీ కాల్చాడు. కాగితం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.

ఇక సలహాల వాన. గాలి అన్నారొకరు. తుపాకీ గొట్టం అరిగిందన్నారు ఇంకొకరు. మైదానం నడిపే విల్మా, కొత్త పెళ్లికొడుకుల చేతులు ఏడాదిదాకా కుదురుగా ఉండవని తీర్పిచ్చింది. తన తుమ్మే కొంప ముంచిందని కుమిలిపోయిన మార్లిస్ ఆ సంగతి బయటపెట్టేసింది. దాంతో తుమ్ము తేమ మందుకు పడుతుందనేవాళ్లూ, పట్టదనేవాళ్లూ రెండు పార్టీలుగా చీలిపోయారు.

ఎనిమిదో బల్ల దగ్గర ఎల్డన్ మాత్రం వెలిగిపోతున్నాడు. ఆయన కాగితం మీద రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడుతున్నాయి. ఒక రంధ్రమైతే ఆయన తుపాకీ మీట నొక్కకముందే పడింది. తన మందు అంత చురుకైనదని ఆయన మురిసిపోయాడు.

కాల్పులు ఆపించాక అందరూ కాగితాల దగ్గరికి నడిచారు. ఎల్డన్ కాగితం మీది రంధ్రాల గుత్తి ఫ్లాస్కు మూత కింద దాగిపోయేంత ఉంది.

"చూడు అల్లుడూ, తూటా నింపడమంటే ఇదీ. ఆ సీసాలు నీకోసమే ఎదురుచూస్తున్నాయి," అంటూ ఆయన జేబులోంచి తన లావుపాటి తూటా తీసి, దాని మొన ఒక రంధ్రంలో పెట్టాడు. దూరలేదు. ఇంకో రంధ్రంలో పెట్టాడు. అదీ అంతే. విల్మా ఓరిన్ దగ్గర సన్నటి తూటా ఒకటి అడిగి తీసుకుని పెట్టింది. తాళంలో చెవిలా దిగింది.

"దుర్భిణి అంత పెంచితే నంబరు పలక కనబడదు బాబూ," అంది విల్మా. "పొద్దుట్నుంచీ మీ మామ కాగితాన్నే కొడుతున్నావు."

"మరి నావెక్కడ?" అన్నాడు ఎల్డన్.

అందరూ వెనక, గురి తప్పిన తూటాలు దిగబడే మట్టికట్ట వైపు చూశారు.

ఎల్డన్ తేరుకున్నాడు. "ఏ కాగితం ఎవరిదో తెలీనివాడికి గుడారంలో చోటు లేదు."

"సరే నాన్నా," అంది మార్లిస్. "ఏ కాగితానికీ తూటా తగలనివాళ్లకీ అదే రూలు కదా. ఈసారి మూతలకి ఇద్దరొస్తున్నారని అమ్మకి చెప్తాను."

ఎల్డన్ ఆ కాగితాన్ని ఊడదీసి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో మంచం పడుతుందిలే," అన్నాడు చివరికి. "కానీ నా తూటాలూ నువ్వే నింపాలి అల్లుడూ. నేను పక్కన కూర్చుని చూస్తా."

ఆ వారం నుంచి మార్లిస్‌ను తన వంటింట్లో తుమ్మొద్దనే మగవాళ్లు ఇద్దరయ్యారు.