మావాడు పారిపోయే రోజు

ఆ ఉదయం అద్దాలమ్మాయి వేసుకున్న పథకం వేలెడంత. మధ్యాహ్నం సెలవు అడగాలి, భర్త స్కూటరెక్కి చెల్లెలింటికి వెళ్ళాలి, నాలుగింటికి ముగిసే సైకిల్ పందెం అక్కడి టీవీలో చూడాలి. సొంత టీవీ వారం క్రితమే కన్నుమూసింది. వసంతం రాగానే దూరదేశాల్లో మొదలయ్యే పెద్ద పందేల్లో ఇది మొదటిది. రాళ్ళు పరిచిన ఇరుకు దారుల మీద రెండు వందల కిలోమీటర్లు. చలికాలమంతా ఆమె దీనికోసమే రోజులు లెక్కపెట్టింది.

అందులో ఆమె అభిమానించే కుర్రాడి పేరు నోరు తిరగదు. అందుకని ఆరేళ్ళుగా "మావాడు" అంటోంది. అతను గుంపును వదిలి ముందుకు దూసుకుపోవడాన్ని "పారిపోవడం" అంటుంది. చెల్లెలికి అర్థమవుతుంది. భర్తకీ అలవాటైపోయింది. చిక్కల్లా మిగతా లోకంతోనే.

ఆమె పనిచేసేది చిన్న కంటి ఆసుపత్రిలో. లోపల డాక్టరమ్మ కళ్ళు చూస్తుంది, వెనక గదిలో ఈమె అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. పదింటికి మిషన్ ఆపి చెల్లెలికి ఫోన్ చేసింది.

"పోయినేడు భుజం విరగ్గొట్టుకున్నా బుద్ధి రాలేదే మావాడికి! ఇవాళ కచ్చితంగా పారిపోతాడు, చూస్తూ ఉండు."

తలుపు దగ్గర డాక్టరమ్మ ఆగిపోయింది. "పారిపోతాడా? ఎప్పుడు?"

అద్దాలమ్మాయి మొహం వెలిగింది. డాక్టరమ్మకూ పందేల పిచ్చి ఉందన్నమాట! "మూడు దాటాక మేడమ్. అప్పటిదాకా అందరితో కలిసే ఉంటాడు. ఎవరికీ అనుమానం రాదు."

"ఒక్కడేనా?"

"ఒక్కోసారి. ఇద్దరు తోడు దొరికితే ఇంకా మంచిది. వంతులేసుకుని లాగుతారు."

"ఇద్దరా!" డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. "నీకు కోపం రాదటమ్మా?"

"కోపమెందుకు మేడమ్? పారిపోకపోతేనే బెంగ. ఒక్కపూట సెలవిస్తే కళ్ళారా చూసుకుంటాను."

సెలవు వెంటనే దొరికింది. డాక్టరమ్మ తల నిమిరి మరీ ఇచ్చింది. అంత సులువుగా ఎందుకిచ్చిందో ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళగానే డాక్టరమ్మ బాబాయిని పిలిచింది. ముప్పై ఏళ్ళుగా కళ్ళజోళ్ళకు మరలు బిగిస్తున్న ఆ పెద్దమనిషి ఆసుపత్రి మొత్తానికీ బాబాయే. "వాళ్ళింటికెళ్ళి ఆ మొగుణ్ణి కదలనివ్వకండి. వెనకే నేనూ వస్తాను."

రెండున్నరకు భార్యాభర్తలు ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి స్కూటర్ చక్రాలు రెండూ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. గేటుకు అడ్డంగా బాబాయి, చేతిలో ఆవగింజంత మరలు తిప్పే స్క్రూడ్రైవర్.

"గాలి నేనే తీశాను. ఇప్పుడు పారిపో అబ్బాయ్, చూస్తాను!"

"నేనా? ఈవిడ చెప్పందే సందు చివరిదాకా కూడా వెళ్ళను కదా బాబాయ్!"

"నంగనాచి! ఇద్దరున్నారటగా, వంతులేసుకుని మరీ!"

భర్త భార్య వంక చూశాడు. భార్య గడియారం వంక చూసింది. అంతలో డాక్టరమ్మ కారు వచ్చి ఆగింది.

"మేడమ్, మావాడంటే ఈయన కాదు. టీవీలో సైకిల్ తొక్కే అబ్బాయి. నేనెవరో కూడా అతనికి తెలీదు."

డాక్టరమ్మ కారు తలుపు తెరిచింది. "పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి మరీ వచ్చాను," అంది. "సెలవు రద్దు. అందరూ కారెక్కండి."

చలికాలమంతా దాచుకున్న ఆశ కారు వెనక సీట్లో నీరుగారిపోయింది.

ఆసుపత్రికి చేరగానే డాక్టరమ్మ ఆమెను పరీక్ష గదిలోకి లాక్కెళ్ళి, అక్షరాల వరుసలున్న పెద్ద తెర చూపించింది. "ఇందులో వస్తుందా నీ పందెం? ఆ వంతులేసుకుని లాగడమేమిటో తేలేదాకా నాకు పని సాగదు."

అక్షరాలు పోయి బురద కొట్టుకున్న సైకిళ్ళు వచ్చాయి. "ముందున్నవాడు గాలిని కోసుకుంటూ పోతాడు మేడమ్, వెనకవాళ్ళకి తేలిక. అలసిపోతే పక్కకి తప్పుకుంటాడు, ఇంకొకడు ముందుకొస్తాడు."

"మరి అంత గుంపు కలిసి ముందున్న ఆ ముగ్గుర్ని పట్టుకోలేదా?"

"అదే కదా మేడమ్ పందెం!"

మూడో వరుస కనిపించడం లేదని ఇందాక మొరపెట్టుకుని కుర్చీలోనే ఉండిపోయిన పేషెంటు తాతగారు లేచారు. "అడుగో, వీపు మీద నూట పద్నాలుగు! ఒక్కడే పారిపోతున్నాడు!"

"అతనే మావాడు!"

"మీకు కనిపించడం లేదన్నారుగా?" అంది డాక్టరమ్మ.

"అక్షరాలు కనబడవమ్మా. అంకెలు బ్రహ్మాండంగా కనబడతాయి."

"పారిపో నాయనా, పారిపో!" అని స్క్రూడ్రైవర్ ఊపుతూ అరుస్తున్నాడు బాబాయి.

ముగింపు గీత ఇంకా యాభై మీటర్లుందనగా మావాడు గుంపుకు దొరికిపోయాడు. తొమ్మిదో స్థానం. అద్దాలమ్మాయి కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ కూడా తుడుచుకుని, "మళ్ళీ ఎప్పుడు పారిపోతాడు?" అని అడిగింది.

"వచ్చే బుధవారం మేడమ్."

బుధవారం ఆసుపత్రి తలుపుకు డాక్టరమ్మ స్వహస్తాలతో రాసిన అట్ట వేలాడింది: "మావాడు పారిపోతున్నందున మూడు తర్వాత కళ్ళు చూడబడవు."

సాయంత్రానికల్లా డాక్టరమ్మను ఓదార్చడానికి ఏడుగురు వచ్చారు.