తూములో ఇరవై గజాల చీకటి

నీటిపారుదల శాఖలో తూము కాపలా చూసే లస్కరు గుర్రం ఏసోబు తన పాత టార్చికి ఎల్ఈడీ బల్బు వేసి, తిప్పాయపాలెం రిజర్వాయరు తూములో ఉన్న ఇరవై గజాల ప్రభుత్వ చీకటిని ఒక్క ఉదయంలో తుడిచిపెట్టేశాడు. టార్చి ఆర్పాక కూడా ఆ చీకటి తిరిగి రాలేదు. ఇలాంటివి అప్పుడప్పుడూ జరిగేవే గనుక శాఖ కంగారు పడలేదు, మెమో పంపింది.

ఆ మూడు సెల్లుల రేకు టార్చి అతను ఉద్యోగంలో చేరిన రోజు శాఖ ఇచ్చింది. ప్రతి సోమవారం దాన్ని పట్టుకుని, కట్ట కింద నుంచి నీళ్ళు వదిలే తూములోకి నడుం వంచి వెళ్ళాలి. బయటికొచ్చి పుస్తకంలో ‘టార్చి వెలుగు పడినంత మేర పరీక్షించితిని, బాగున్నది’ అని రాసి సంతకం పెట్టాలి. పాత బల్బు వెలుగు నాలుగు గజాలు పడేది. ఆ నాలుగు గజాలూ పంతొమ్మిదేళ్ళుగా బాగున్నాయి. ఆ అవతల ఇరవై గజాలూ చీకటి. అది శాఖ ఆస్తి. దాన్ని చూడమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఈమధ్య ఆ బల్బు మాడిపోయింది. ఏసోబు కొత్త బల్బుకు అర్జీ పెడితే పై ఆఫీసు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. విసిగిపోయి టౌన్లో సెల్లులమ్మే కొట్టుకు వెళ్ళాడు.

“ఆ బల్బులు ఇప్పుడు యాడొస్తన్నయ్ పెద్దాయనా? ఇదేసుకో. మర అదే, సరిగ్గా కూర్చుంటది,” అన్నాడు కొట్టతను. “ఒక్కటే సంగతి. పాతదానికి సెల్లులు తిరగేసినా వెలిగేది. దీనికట్టా కుదరదు. తిన్నగా ఎయ్యాల.”

సోమవారం తూములో ఏసోబు బొత్తాం నొక్కాడు. ఇరవై నాలుగు గజాలూ ఒక్కసారే కనిపించాయి. చివర గోడలో చెయ్యి దూరేంత పగులుంది. అందులోంచి నీళ్ళు ఎవరి అనుమతీ లేకుండా కారుతున్నాయి. కట్ట కింద నలభై రెండిళ్ళున్నాయి. శాఖ ఏసోబుకిచ్చిన క్వార్టరు వాటిలో ఒకటి.

అతను పరుగున ఏఈ పురుషోత్తం గారి దగ్గరికి వెళ్ళాడు.

“సార్, తూము పగిలింది సార్! జనాన్ని ఖాళీ చేయించాల!”

“చీకటేదయ్యా?” అన్నాడు ఏఈ.

“పోయింది సార్.”

“పోయిందా! నాలుగు గజాల మనిషివి నువ్వు. అంత దూరం చూడ్డానికి నాకే అధికారం లేదు. సరే, పగులుందంటున్నావు. మరి పంతొమ్మిదేళ్ళు బాగున్నది, బాగున్నది అని సంతకాలు గీకిందెవరు? మీ నాయనా?”



సిగ్గూ శరమూ ఉన్న ఆఫీసయితే ఆ సాయంత్రానికి ఇసుక బస్తాలొచ్చేవి. ఇక్కడ కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులూ కళ్ళకు జేబురుమాళ్ళు అడ్డం పెట్టుకునే తూములోకి దిగారు గానీ, లోపల అంత వెలుగుంటే ఎవడు మాత్రం చూడకుండా ఉండగలడు? ముగ్గురూ చూశారు. చూసినందుకు రేపు తమకూ మెమోలొస్తాయని ముగ్గురికీ చెమటలు పట్టాయి. అప్పుడే కాస్త బుర్ర పనిచేసింది. సెల్లులు తిన్నగా వేస్తే వెలుగొచ్చే బల్బు, తిరగేస్తే చీకటి ఇచ్చి తీరాలని ఒక సభ్యుడు తేల్చాడు.

ఏసోబు చేతే సెల్లులు తిరగేయించారు. బొత్తాం నొక్కగానే టార్చిలోంచి తారులాంటి చీకటి ధారగా వచ్చింది. గంటలో తూము నిండింది. పగులు కనబడకుండా పోయింది.

“చప్పుడు ఇనబడతా ఉంది గదయ్యా,” అన్నాడు ఏసోబు.

చప్పుడు తమ శాఖ కిందికి రాదని కమిటీ రాసుకుంది. పుస్తకం అతని ముందుకు తోసింది. ఏసోబు ‘బాగున్నది’ అని రాసి సంతకం పెట్టాడు. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది, నిజమే. అయినా పెట్టకూడదు. పెట్టాడు!

పది రోజులకు వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. శాఖ కదిలితే ఎంత వేగంగా కదులుతుందో ఆ రోజు తెలిసింది. మధ్యాహ్నానికల్లా ఇంటికొక ఎల్ఈడీ టార్చి ఉచితంగా పంచారు. సెల్లులు ముందే తిరగేసి, మూతకు లక్క సీలు వేసి మరీ ఇచ్చారు. ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ వెయ్యమన్నారు. జనం దండాలు పెట్టి తీసుకున్నారు.

ఏసోబు ఇంటికొచ్చేసరికి భార్య కరుణమ్మ చీర ఎత్తిపట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది.

“ఏమయ్యో, మోకాళ్ళ దాకా వొచ్చినయ్ నీళ్ళు!”

ఏసోబు టార్చి ఆమె కాళ్ళ వైపు తిప్పి నొక్కాడు. మోకాళ్ళ కింద కరుణమ్మ కనిపించడం మానేసింది.

“ఇప్పుడో?”

ఆమె వంగి చూసుకుంది. “ఇప్పుడేం కనబడ్డంలా. కాళ్ళు మాత్రం జిల్లుమంటన్నయ్యయ్యా.”

“చలి మా శాఖ కాదే,” అన్నాడు ఏసోబు.

కరుణమ్మ సరేనని ఎసరు పెట్టింది.

ఆ లక్క సీలు గోటితో గీరితే ఊడొస్తుంది. మూత తిప్పి, మూడు సెల్లులూ తీసి తిన్నగా వేసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ సంగతి నలభై రెండిళ్ళలోనూ అందరికీ తెలుసు. నీళ్ళు నడుముల దాకా వచ్చిన రోజున, పిల్లల్ని భుజాల మీదికెత్తుకుని, వాళ్ళంతా రెండో టార్చి కోసం ఆఫీసు ముందు వరసలో నిలబడ్డారు.