ఉత్తర దిక్కు గౌను

ఆదివారం పొద్దున కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ పళ్ళ డాక్టరమ్మ, "ఇవాళ గౌను కుడుతున్నాను," అంది. ఎవరూ కంగారు పడలేదు. ఆమె భర్త సర్వేయరు పేపరు తిరగేశాడు. అత్తగారు కాఫీలో బిస్కెట్టు ముంచుకున్నారు. వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా ఆ ఇంట్లో ఈ మాట ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉంది.

ఈసారి మాత్రం గడువు పడింది. గడువు పెట్టింది వదిన, అంటే సర్వేయరుకు స్వయానా అక్క. ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టు క్లాసు నడుపుతుంది. మొన్న ఫోనులో తెగేసి చెప్పింది. "కుట్టు మిషను పూలకుండీ పెట్టుకోడానికి కాదమ్మా. ఆదివారం సాయంత్రం వ్యాను తీసుకొస్తున్నా. ఆ లోపల నువ్వు కుట్టిన గౌను నువ్వే వేసుకుని తలుపు తీశావా, మిషను నీది. లేదా, మా క్లాసుది."

"పోతే పోనీ. కావాలంటే ఇంకోటి కొనుక్కుందాం," అన్నాడు సర్వేయరు.

డాక్టరమ్మ బాధ అది కాదు. పొద్దస్తమానం పుచ్చిపోయిన పళ్ళు తొలిచి, నింపి, నున్నగా దిద్దడం ఆమె పని. అంత నాజూకు పనీ రోగి నోరు మూయగానే మాయమైపోతుంది. దాన్ని మెచ్చుకోవడానికి ఎవరూ ఎవరి నోట్లోకీ తొంగి చూడరు. తన చేత్తో చేసింది ఒక్కటంటే ఒక్కటి పట్టపగలు నలుగురి కంటా పడాలని ఆమె కోరిక. అందుకే ఎప్పుడో ఆ గౌను నమూనా కాగితాలు కొంది. అందుకే వాటిని ఇన్నేళ్ళూ ఎవరినీ పారేయనివ్వలేదు. పైగా మొదలుపెట్టిన పన్నును సగంలో వదిలిన చరిత్ర ఆమెకు లేదు.

మిషను మీంచి పూలకుండీ దిగింది. నమూనా కవరు విప్పారు. గౌను ముక్కల ఆకారంలో పల్చటి కాగితాలు బయటికొచ్చాయి. వాటిని బట్ట మీద పరిచి, చుట్టూ కత్తిరించి, ముక్కలు కలిపి కుట్టాలి. ఎలా కుట్టాలో వివరంగా రాసిన కాగితం మాత్రం కనబడలేదు.

"దళసరిగా ఉండేది, అదేనా?" అన్నారు అత్తగారు. "బీరువా అరలో పరిచానమ్మాయ్. తర్వాత చెదలు తినేశాయి."

"దానికేముంది! గీతల సంగతి నాకొదిలెయ్. నా బతుకంతా గీతలేగా," అంటూ సర్వేయరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాసేపు పరీక్షగా చూసి గట్టిగా బల్ల చరిచాడు. "ఇదిగో, ప్రతి ముక్క మీదా బాణం గుర్తుంది. బాణం అంటే ఏమిటి? ఉత్తరం. ఏ పటంలోనైనా అంతే."

"గౌనుకి ఉత్తరం ఎందుకండీ?"

"ఎందుకో నాకు తెలీదు. ఉత్తరం తప్పితే హద్దులన్నీ తప్పుతాయని మాత్రం తెలుసు."

నమూనా కాగితం మీద బాణం ఉంటే, బట్టలో దారాలు పొడవునా ఎటు నడుస్తున్నాయో ఆ వైపు పెట్టమని అర్థం. కుట్టుపని వచ్చినవాళ్ళు ఎవరైనా ఈ మాట చెబుతారు. ఆ ఇంట్లో కుట్టుపని వచ్చినవాళ్ళు లేరు. ఇల్లు చూస్తే వీధి మలుపుకు తగ్గట్టు ఐమూలగా కట్టింది. బల్ల ఇంటికి తగ్గట్టు, బట్ట బల్లకు తగ్గట్టు పరుచుకున్నాయి. సర్వేయరు దిక్సూచి తెచ్చి, ముక్కలన్నింటినీ శ్రద్ధగా ఉత్తరం వైపు తిప్పాడు. అంటే ఒక్క ముక్క కూడా దారాల వెంట లేదు. అలా ఏటవాలుగా కోసిన బట్ట రబ్బరులా సాగుతుంది.

డాక్టరమ్మ కత్తెర పట్టింది. పన్ను పీకేటప్పుడు లాగే ఊపిరి బిగబట్టి, చెయ్యి వణక్కుండా, ఒక్క మెతుకంత తేడా రాకుండా కత్తిరించింది. మిషను దగ్గర ఆమె మరీ రెచ్చిపోయింది. క్లినిక్కులో డ్రిల్లు కూడా కాలితో తొక్కేదే. కాబట్టి ఎక్కడ జోరు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఆమె పాదానికి ముందే తెలుసు.

"అమ్మాయ్, కుట్టు ఎంత సన్నగా పడిందో! చీమలు బారులు తీరినట్టుంది," అన్నారు అత్తగారు వంగి చూస్తూ.

ఆ మాటకు డాక్టరమ్మకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పనిని అంత దగ్గరగా చూసి బాగుందన్నవాళ్ళు లేరు.

మధ్యాహ్నం భోజనాల వేళకు గౌను తయారైంది. సరిగ్గా మోకాళ్ళ దాకా వచ్చింది. వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, విప్పి, ఆవిరి ఇస్త్రీ చేసి బాల్కనీలో తగిలించింది. అత్తగారు ఆగలేక కూతురికి ఫోను కొట్టారు.

"గౌను అయిపోయిందే! వ్యానుకి డబ్బులు దండగ చేసుకోకు." అవతలి మాట విని ఆవిడ ముఖం మారిపోయింది. "ఏమిటా ఊ ఊ? ... ఇప్పుడే బయలుదేరుతున్నావా?"

ఫోను పెట్టేసి గుసగుసగా చెప్పారు. "దానికి ఒళ్ళు మండిపోయింది. 'వస్తున్నా' తప్ప నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మూలుగుతోంది కూడా. సాయంత్రం దాకా కూడా ఆగదట, వచ్చేస్తోంది."

"రానివ్వండి," అంటూ డాక్టరమ్మ బాల్కనీలోకి వెళ్ళి గౌను తీసి వేసుకుంది. అది పిక్కల దాకా వచ్చింది.

"నువ్వేమైనా పొట్టిగా అయ్యావా?" అన్నాడు సర్వేయరు.

డాక్టరమ్మ కత్తెర తీసింది. కింద జానెడు కత్తిరించి, అంచు మడిచి కుట్టి మళ్ళీ తగిలించింది. కాసేపటికి చూస్తే ఎడమ వైపు చీలమండ దాకా దిగింది. ఎడమ వైపు కత్తిరిస్తే కుడి వైపు దిగింది. గౌను చేతులు వేళ్ళను దాటిపోయాయి. సర్వేయరు ఉద్యోగం తాలూకు లెవెలు చూసే పరికరాన్ని హాల్లో మూడు కాళ్ళ మీద నిలబెట్టి, డాక్టరమ్మను స్టూలు ఎక్కించి, ఒంటికన్నుతో చూస్తూ, "పడమటి వైపు ఇంకా పల్లంగా ఉంది. కదలకు. అరే, ఇప్పుడే దిగింది!" అని అరుస్తున్నాడు.

"మీ ఉత్తరం మండిపోను!" అంది డాక్టరమ్మ స్టూలు మీంచే.

"కొట్టుకోకండర్రా," అని అత్తగారు కల్పించుకున్నారు. "కొత్త బట్ట తడిపితే ముడుచుకుంటుంది. నాకు తెలుసుగా." ఆవిడకు తెలిసిందల్లా దారాల వెంట నిలువుగా కోసిన బట్టల సంగతి. గౌనును బకెట్లో ముంచి తీశారు. నీళ్ళు పీల్చుకుని అది బరువెక్కింది. బరువెక్కి తీగ మీద నుంచి బాల్కనీ గచ్చు దాకా సాగింది. అక్కడ ఇంకా కొంచెం మిగిలి కుప్పగా పడింది.

అప్పుడే కింద వ్యాను ఆగిన చప్పుడైంది.

"ఒక పని చెయ్యి," అన్నాడు సర్వేయరు హడావిడిగా. "బీరువాలో కొన్న గౌను ఉంది కదా, అది తొడుక్కో. నేనే కుట్టానని చెప్పు. అక్కకేం తెలుస్తుంది?"

"నేను కుట్టింది వేసుకుంటాను. పొడుగైతే పొడుగు, తడైతే తడి," అంది డాక్టరమ్మ.

తడి గౌను తల మీంచి తోసుకుంది. చేతులు నాలుగు మడతలు పెట్టింది. మిగిలిన బట్టంతా రెండు గుప్పిళ్ళతో ఎత్తి పట్టుకుని, గచ్చు మీద నీళ్ళ చార వదులుతూ, జారుతూ, తమాయించుకుంటూ తలుపు దాకా నడిచింది. అత్తగారు దేవుణ్ణి తలుచుకున్నారు. డాక్టరమ్మ తల నిటారుగా ఎత్తి తలుపు తీసింది.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. బుగ్గ బన్నురొట్టెలా ఉబ్బింది. దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, వ్యాను డ్రైవరు భుజం పట్టుకుని నడుస్తోంది.

"పన్ను..." అని మూలిగింది. "రాత్రి నుంచి... చచ్చిపోతున్నా... చూడమ్మా..."

తడుముకుంటూ లోపలికొచ్చి, తగిలిన మొదటి కుర్చీలో కూలబడి, కళ్ళు అలాగే మూసుకుని నోరు బార్లా తెరిచేసింది. మిషను ఊసు లేదు, గౌను ఊసు లేదు.

సర్వేయరు పట్టరాని సంతోషంతో భార్య చెవిలో ఊదాడు. "బతికిపోయావు! అక్క అసలు చూడనే లేదు. గబగబా వెళ్ళి మార్చుకొచ్చెయ్."

డాక్టరమ్మ మార్చుకోడానికి వెళ్ళలేదు. చేతులు కడుక్కుంది, చిన్న అద్దం తీసుకుంది, లైటు వేసింది. ఇన్నేళ్ళూ రోగి కుర్చీ పక్కన నిలబడి ఎంతమంది నోళ్ళు చూసిందో ఆమెకు గుర్తులేదు. గుప్పిళ్ళలోంచి వదిలేయడంతో గౌను నేల మీద చుట్టూ పరుచుకుంది. వదినకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముందు కళ్ళు తెరవండి వదినా. నోటి సంగతి తర్వాత చూద్దాం."